హోవర్‌ఫ్లై ఫొటోకి పేరు కావాలంటే ముందు కాళ్ళు కనపడాలి

హోవర్‌ఫ్లై (తేనెటీగలా, కందిరీగలా కనపడుతూ పూల దగ్గర గాల్లో నిలబడే ఈగ) ఫొటో ఎవరైనా పంపి "ఇది ఏ జాతి?" అని అడిగితే నేను పొట్ట మీది పసుపు నలుపు పట్టీలు చివర్లో చూస్తాను. అందరి కళ్ళూ ముందు పడేది వాటి మీదే, ఫొటో కూడా అవి బాగా కనపడాలని సరిగ్గా నడినెత్తి మీదనుంచి తీస్తారు, అందంగా ఉండేవి అవే కాబట్టి తప్పులేదు. కానీ పేరు తేల్చేవి చాలాసార్లు అవి కావు. వెనక కాలి తొడ పసుపా నలుపా, కంటి మీద వెంట్రుకలు ఉన్నాయా, ముఖం మధ్యలో నల్ల గీత ఉందా, రెక్కలో ఒక ఈనె తిన్నగా పోతోందా మధ్యలో కిందికి వంగుతోందా... ఇవి కనపడకపోతే ఫొటో ఎంత షార్ప్‌గా ఉన్నా జీనస్ దగ్గర, అంటే దగ్గరి జాతులన్నిటికీ కలిపి ఉండే గుంపు పేరు దగ్గర, ఆగిపోవాల్సిందే. ఎంతో కష్టపడి తీసిన ఫొటో పంపినవాళ్ళకి ఆ మాట చెప్పాల్సి వచ్చినప్పుడల్లా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ ఈగ అక్కడే ఉన్నప్పుడు ఇంకొక్క క్లిక్ పక్కనుంచి కొట్టి ఉంటే పని అయిపోయేది.

పేరుదాకా ఎందుకు, హోవర్‌ఫ్లై అనుకుంటే చాలదా అంటారు కొందరు. నాకైతే చాలదు. సిర్ఫిడే అనే ఈ కుటుంబంలో 6,000కు పైగా జాతులున్నాయి. పెద్దవయ్యాక దాదాపు అన్నీ పూల చుట్టూ తిరుగుతాయి కాబట్టి అన్నీ ఒకటే అనిపిస్తాయి గానీ, లార్వాలుగా ఉన్నప్పుడు వాటి బతుకులకు ఒకదానితో ఒకదానికి సంబంధమే ఉండదు. ఎపిసిర్ఫస్ లార్వా పేనుబంక తిని బతుకుతుంది, పెరిగి ప్యూపా అయ్యేలోగా వందల కొద్దీ పురుగుల్ని పీల్చేస్తుంది. ఎరిస్టాలిస్ లార్వా మురుగునీళ్ళలో ఉంటూ, తోకలాంటి పొడుగాటి గొట్టాన్ని నీటి పైకి పెట్టి గాలి పీల్చుకుంటుంది. మైక్రోడాన్ చీమల గూళ్ళలో పెరుగుతుంది. మెరొడాన్ ఈక్వెస్ట్రిస్ నార్సిసస్ అనే పూలమొక్క దుంపల్లోకి దూరి లోపల్నుంచి తినేస్తుంది. అంటే ఒకే పువ్వు మీద పక్కపక్కన వాలిన రెండు ఈగల్లో ఒకటి తోటకు మేలు చేసేది, ఇంకోటి తోటను పాడుచేసేది కావచ్చు. ఫొటో కింద ఉత్త హోవర్‌ఫ్లై అని రాస్తే ఇదంతా పోతుంది.

అన్నిటికంటే ముందు అది అసలు హోవర్‌ఫ్లై అవునో కాదో చూసుకోవాలి. తేనెటీగకు నాలుగు రెక్కలు, ఈగకు రెండు అని చెబుతారు, నిజమే, కానీ ఫొటోలో రెక్కలు లెక్కపెట్టడం అనుకున్నంత తేలిక కాదు. తేనెటీగ ముందు రెక్కా వెనక రెక్కా చిన్న కొక్కేలతో కలిసిపోయి ఒకటే రెక్కలా కనపడతాయి. దానికంటే మీసాలు చూడడం మేలు. తేనెటీగ మీసాలు పొడుగ్గా ఉండి మధ్యలో మోచెయ్యి మడిచినట్టు వంగి ఉంటాయి, హోవర్‌ఫ్లైలలో చాలావాటికి పొట్టిగా, ముందుకు పొడుచుకొచ్చిన రెండు చిన్న ముక్కల్లా ఉండి వాటి మీద ఒక్కో సన్నని వెంట్రుక నిలబడి ఉంటుంది, దాన్నే అరిస్టా అంటారు. సెరియానా లాంటివి మాత్రం కందిరీగ వేషం పూర్తిగా వేస్తాయి, వాటికి మీసాలు కూడా పొడుగే. టెమ్నోస్టోమా, స్పైలోమైయా ఇంకో దారి పట్టాయి. వాటి మీసాలు పొట్టివే, కానీ ముందు కాళ్ళ చివర్లు నల్లగా ఉంటాయి, ఆ కాళ్ళను తల ముందు పెట్టి ఊపుతాయి. ఆ క్షణంలో తీసిన ఫొటోలో అవి అచ్చం కందిరీగ మీసాల్లా కనపడతాయి. కాళ్ళు లెక్కపెట్టి, నేలను తాకుతున్నవి నాలుగే అని గమనిస్తే అప్పుడు వేషం బయటపడుతుంది.

రెక్క మీద వెలుతురు సరిగ్గా పడి ఈనెలు కనపడితే ఇంక ఏ అనుమానం అక్కర్లేదు. హోవర్‌ఫ్లై రెక్కలో బయటి అంచుకు కొంచెం లోపలగా, దానితో పాటే నడుస్తూ ఇంకో అంచు గీసినట్టు ఈనెలు ఉంటాయి. రెక్క మధ్యలో వెనా స్పూరియా అనే ఒక మడతలాంటి గీత ఉంటుంది, అది మిగతా ఈనెల్లా దేనితోనూ కలవకుండా మధ్యలో మొదలై మధ్యలోనే ఆగిపోతుంది. స్టోమోరైనా అనే ఈగలు ఉన్నాయి, బ్లోఫ్లైల కుటుంబం వాటిది, పూల మీద వాలుతూ పొట్ట మీద పట్టీలతో చాలామందిని బోల్తా కొట్టిస్తాయి, రెక్క చూస్తే మాత్రం దొరికిపోతాయి.

ఆ తర్వాత ఆడా మగా అన్నది. ఇది అనవసరం అనుకుని వదిలేసేవాళ్ళు చాలామంది, కానీ చాలా జాతుల్లో ఆడదాన్ని గుర్తుపట్టే లక్షణం వేరు, మగదాన్ని గుర్తుపట్టే లక్షణం వేరు. పైనుంచి చూస్తే మగవాటిలో రెండు కళ్ళూ నడినెత్తిన కలుసుకుంటాయి, ఆడవాటిలో మధ్యన ఖాళీ ఉంటుంది. హెలోఫిలస్ లాంటి కొన్నింట్లో మగవాటికి కూడా కళ్ళు విడిగానే ఉంటాయి కాబట్టి అక్కడ పొట్ట చివర చూడాలి. నడినెత్తి ఫొటో నిజంగా పనికొచ్చేది ఇక్కడే.

ఇప్పుడు సిర్ఫస్ అనే జీనస్ సంగతి, నాకు బాగా ఇష్టమైన చిక్కు ఇది. యూరప్‌లో ఎక్కువగా కనపడే సిర్ఫస్ జాతులు మూడు: రైబిసియై, విట్రిపెన్నిస్, టార్వస్. మూడూ నల్ల పొట్ట మీద మందమైన పసుపు పట్టీలతో ఉంటాయి, పైనుంచి తీసిన ఫొటోల్లో ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ఎవరైనా సరే ఊహించడమే తప్ప చెప్పలేరు. అదే ఆడ ఈగను పక్కనుంచి తీస్తే, వెనక కాలి తొడ దాదాపు పూర్తిగా పసుపుగా ఉంటే రైబిసియై, తొడలో ఎక్కువ భాగం నల్లగా ఉండి మోకాలి దగ్గర మాత్రమే పసుపు ఉంటే విట్రిపెన్నిస్ లేదా టార్వస్. ఆ రెండింట్లో టార్వస్‌కి కళ్ళ మీద వెంట్రుకలు ఉంటాయి. మగ టార్వస్‌లో అవి తేలిగ్గానే కనపడతాయి, ఆడదానిలో పలచగా ఉంటాయి కాబట్టి వెనకనుంచి వెలుతురు పడి కంటి అంచు మీద మెరిస్తేనే తెలుస్తుంది. మగ రైబిసియైకీ మగ విట్రిపెన్నిస్‌కీ తొడ రంగు సాయం చెయ్యదు, రెండింట్లోనూ నల్లగానే ఉంటుంది. వాటిని విడదీసేది రెక్క మొదట్లో ఉన్న ఒక చిన్న గడి. రైబిసియైలో ఆ గడి అంతటా కంటికి కనపడనంత సన్నని నూగు పరుచుకుని ఉంటుంది, విట్రిపెన్నిస్‌లో అందులో కొంత భాగం నున్నగా ఉంటుంది. మామూలు ఫొటోలో అది కనపడదు. అందుకే మగ సిర్ఫస్ ఫొటో కింద, టార్వస్ కాదని తేలాక కూడా, నేను సిర్ఫస్ అని మాత్రమే రాస్తాను, ఎవరేమన్నా సరే.

ఈ సిర్ఫస్ లెక్క బుర్రకెక్కితే మిగతావి చాలావరకు అదే పద్ధతిలో నడుస్తాయి. ప్రతి జీనస్‌కీ ఒక తాళం, దానికి సరిపోయే తాళంచెవి శరీరంలో ఎక్కడో ఒక చోట. యూపియోడిస్‌లో పొట్ట పట్టీలు పక్క అంచుదాకా వెళ్ళి దాన్ని తాకితే కరోల్లె వైపు, అంచు చేరకముందే ఆగిపోతే లూనిగర్ వైపు మొగ్గాలి, కాబట్టి పొట్ట పక్క అంచు ఫొటోలో పడాలి. రింజియా క్యాంపెస్ట్రిస్‌కి పొట్ట అంచున నల్ల గీత ఉంటుంది, రోస్ట్రాటాకి ఉండదు, ఇక్కడా పక్క ఫొటోనే. మెలనోస్టోమాకీ ప్లాటికైరస్‌కీ తేడా చూడాలంటే మగవాటిలో ముందు కాళ్ళ చివరి భాగం వెడల్పుగా ఉందేమో చూస్తే తేలిక.

పట్టీల మీద నాకెందుకు నమ్మకం తక్కువో చెప్పాలంటే ఎపిసిర్ఫస్ బాల్టియాటస్‌నే చూడండి. నారింజ రంగు పొట్ట మీద ఒక్కో ఖండానికి ఒక మందపు నల్ల పట్టీ, దాని పైన ఇంకో సన్నని పట్టీ, ఈ జంట పట్టీల వల్ల ఇది బాగా తేలిగ్గా గుర్తుపట్టే జాతుల్లో ఒకటి. కానీ రంగు మాత్రం ఒకేలా ఉండదు. ప్యూపాగా ఉన్నప్పుడు చలిగా ఉంటే నలుపు పెరుగుతుంది, వెచ్చగా ఉంటే నలుపు తగ్గి నారింజ పరుచుకుంటుంది. బాగా వేడిలో పెరిగిన దాంట్లో సన్నని పట్టీలు దాదాపు కనపడకుండా పోవచ్చు, చలిలో పెరిగినదైతే చాలా నల్లగా ఉంటుంది, రెండూ ఒకటే జాతి అని చెబితే కొత్తవాళ్ళు నమ్మరు. దాని జంట పట్టీల అమరికను చూడాలి, ఎంత నలుపు ఎంత పసుపు అన్నది చూసి పేరు మార్చకూడదు. పైగా ఇది దేశాలు దాటి వలసపోయే ఈగ. దక్షిణ బ్రిటన్ మీదుగా ఏటా 100 కోట్ల నుంచి 400 కోట్ల దాకా హోవర్‌ఫ్లైలు వలసలో దాటుతున్నాయని రాడార్ సాయంతో వేసిన లెక్క 2019లో వచ్చింది, ఆ గుంపుల్లో ముఖ్యమైన వాటిలో ఇదీ, యూపియోడిస్ కరోల్లే కూడా ఉన్నాయి. కాబట్టి మీ ఫొటోలో ఉన్నది అక్కడే పుట్టిందని కూడా అనుకోలేం, దాని రంగు ఇంకెక్కడి వాతావరణాన్నో చూపిస్తుండవచ్చు.

ఎరిస్టాలిస్ టెనాక్స్ దగ్గరికొద్దాం, తేనెటీగ అనుకుని జనం ఎక్కువగా ఫొటో తీసే హోవర్‌ఫ్లై బహుశా ఇదే, దాదాపు ప్రపంచమంతా ఉంది. దీని పొట్ట మీద నారింజ మచ్చలు ఒకదానిలో పెద్దవి, ఇంకోదానిలో దాదాపు ఉండవు. ముఖం నేరుగా తీసిన ఫొటో ఒకటి పెద్దది చేసి చూడండి. కంటి మీద పైనుంచి కిందికి రెండు ముదురు చారలు కనపడతాయి. అది కంటి రంగు అనుకుంటాం, కానీ ఇంకాస్త జూమ్ చేస్తే అవి చారలు కావు, దట్టంగా మొలిచిన వెంట్రుకల వరసలు. ఒక్కోసారి వాటికి పుప్పొడి గింజలు అతుక్కుని ఉంటాయి, ఈగ ముందు కాళ్ళతో కళ్ళు తుడుచుకునేటప్పుడు తీస్తే ఆ గింజలు కాళ్ళ మీదికి మారడం కూడా వరస ఫొటోల్లో దొరుకుతుంది. ముఖం మధ్యలో వెడల్పాటి నల్ల గీత, వెనక కాలి పిక్క భాగం లావుగా వంకర తిరిగి ఉండడం, ఇవన్నీ కలిస్తే టెనాక్స్ అని ధైర్యంగా చెప్పొచ్చు. దాని దగ్గరి చుట్టం పెర్టినాక్స్‌కి ముందు కాళ్ళు, మధ్య కాళ్ళ పాదాలు పసుపు, టెనాక్స్‌కి ముదురు. అర్బస్టోరమ్‌కి ముఖం అంతా లేతరంగు పొడి రాసినట్టు ఉండి నల్ల గీత కనపడదు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ముసలి ఈగల్లో ఆ పొడి అరిగిపోయి కింద నలుపు బయటపడుతుంది, అదే నల్ల గీత ఉన్న జాతుల్లో ముఖానికి పుప్పొడి పూసుకుపోతే గీత కనపడదు. ఒక్క లక్షణంతో ఆగకుండా రెండు మూడు చూడమనేది ఇందుకే.

రెక్క ఫొటో ఉంటే ఎరిస్టాలిస్ బంధువులన్నీ ఒక్క చూపులో తేలిపోతాయి, వాటి రెక్కలో ఒక పొడుగాటి ఈనె మధ్యలో లోతుగా కిందికి వంగి మళ్ళీ పైకొస్తుంది. మెరొడాన్‌లో కూడా ఆ వంపు ఉంటుంది, కాకపోతే దానికి వెనక తొడ కింద ముక్కోణంలా పొడుచుకొచ్చిన భాగం ఉంటుంది. ఎరిస్టాలినస్‌లో అయితే కళ్ళే గుర్తు, కొన్నింటికి కళ్ళ మీద చుక్కలు, టీనియాప్స్ లాంటి వాటికి నిలువు చారలు. చుక్కల కళ్ళవాటిలో కూడా సెపల్‌క్రాలిస్‌కి కన్నంతా వెంట్రుకలు, ఏనియస్‌కి కన్ను కింది భాగం నున్నగా ఉంటుంది. ఇంత అందమైన కళ్ళున్న ఈగను వీపు మీదనుంచి మాత్రమే తీసి ఊరుకోవడం నాకు అస్సలు నచ్చదు.

కొన్నింటికి ఏం చేసినా ఫొటోతో పేరు రాదు, అది ఒప్పుకోవాలి. స్ఫేరోఫోరియాలో ఆడవాటిని జాతి దాకా తేల్చడం చాలావరకు కుదరదు, మగవాటిలో కూడా పొట్ట చివర ఉండే జననాంగాలను మైక్రోస్కోప్ కింద చూడాలి. స్క్రిప్టా మగది ఒకటే కొంచెం దయ చూపిస్తుంది, దాని పొట్ట మడిచిన రెక్కల కంటే పొడుగ్గా వెనక్కి పొడుచుకొచ్చి ఉంటుంది. చైలోసియా నల్లటి చిన్న ఈగలు, చాలా జాతులు, ఫొటోలో అన్నీ ఒకటే. పారాగస్ కూడా అంతే. వీటి కింద జీనస్ పేరు రాసి ఊరుకుంటే అది సగం పని కాదు, ఆ ఫొటో చెప్పగలిగినదంతా అదే.

యాప్‌ల గురించి. ఫొటో పెడితే ఠక్కున జాతి పేరుతో సహా చెప్పేస్తాయి, నేనూ వాడతాను, జీనస్ వెతుక్కోవడానికి బాగా పనికొస్తాయి. కానీ యాప్ నేర్చుకున్నది జనం పెట్టిన ఫొటోల నుంచే, ఎక్కువ ఫొటోలున్న జాతి పేరు దానికి ముందు తోస్తుంది, మీ ఫొటోలో తొడ కనపడుతోందా లేదా అని అది ఆలోచించి చెప్పదు. జనం తాము చూసిన జీవుల ఫొటోలు పెట్టి పేర్లు తేల్చుకునే ఐనాచురలిస్ట్ సైట్‌లో తేదీ, చోటు ఉన్న ఫొటోకి ఇద్దరు ఒకే జాతి పేరు చెబితే, ఎవరూ కాదనకపోతే, అది రీసెర్చ్ గ్రేడ్ అయిపోతుంది, అక్కణ్ణుంచి పరిశోధకులు వాడే డేటాబేస్‌లలోకి కూడా వెళ్ళవచ్చు. అందుకే యాప్ చెప్పిన పేరు మీరు ఒప్పుకోవడం, పక్కవాళ్ళు దాన్ని చూసి సరే అనడం, ఈ రెండూ ఒకే యాప్ మాట రెండుసార్లు చెప్పినట్టు అవుతుంది. లక్షణం కళ్ళతో చూస్తేనే సరే అనండి.

ఫోన్లలో ఉండే ఆటోమేటిక్ మెరుగులు కూడా ఇక్కడ ప్రమాదమే. నాయిస్ తగ్గించే పేరుతో కంటి మీది సన్నని వెంట్రుకలను తుడిచేస్తాయి, షార్ప్ చేసే పేరుతో లేని అంచులు పుట్టిస్తాయి. పంపేటప్పుడు ఒరిజినల్ ఫైలు పంపితే మంచిది, చాట్ యాప్‌లో కుదించిపోయిన ఫొటోలో తొడ రంగు కూడా నమ్మలేం. నీడలో పసుపు కాలు గోధుమ రంగులోకి దిగుతుంది, ఫ్లాష్ నేరుగా పడితే పొడి రాసినట్టున్న భాగం కూడా మెరుస్తుంది. ఫ్లాష్ వాడితే ముందు ఏదైనా తెల్లని పలచటి తెర పెట్టండి.

తీసే పద్ధతి పెద్ద విద్యేం కాదు. మొదటి ఫొటో ఎక్కడినుంచైనా తియ్యండి, ఎగిరిపోతే అదైనా మిగులుతుంది. తర్వాత నీడ దాని మీద పడకుండా మెల్లగా పక్కకు జరిగి కాళ్ళు, పొట్ట అంచు పడేలా ఒకటి, ముందుకు వచ్చి ముఖం ఒకటి, వెలుతురుకు ఎదురుగా రెక్క ఒకటి. వాలినప్పుడు రెక్కలు కొంచెం తెరిచి ఉంచేవి చాలా ఉంటాయి కాబట్టి రెక్క ఫొటో అనుకున్నంత కష్టం కాదు. చల్లగా ఉన్న పొద్దున పూట అవి కదలవు, ఒళ్ళు వేడెక్కేదాకా పువ్వు మీదే కూర్చుంటాయి, ఓపిగ్గా తీసుకోవచ్చు. గాల్లో నిలబడి ఉన్నదాన్ని తియ్యాలంటే షట్టర్ స్పీడు 1/1000 సెకను దాటాలి, రెక్కలు అప్పటికీ మసకగానే వస్తాయి, అయినా వేలాడే కాళ్ళు మాత్రం భలే స్పష్టంగా దొరుకుతాయి. చాలా జాతుల మగవి ఒకే చోట గాల్లో కాపలా కాస్తుంటాయి, మీరు దగ్గరికెళితే తప్పుకుని మళ్ళీ దాదాపు అదే చోటికి వస్తాయి, కాబట్టి వెంటపడకుండా ఫోకస్ ఆ చోట పెట్టుకుని నిలబడండి.

చోటు, తేదీ తప్పకుండా రాయండి. టాక్సోమెరస్ అమెరికా ఖండాల జీనస్, ఎపిసిర్ఫస్ బాల్టియాటస్ యూరప్, ఆసియా, ఉత్తర ఆఫ్రికాల్లో ఉంటుంది, చోటు తెలిస్తే సగం పేర్లు అక్కడే కొట్టేయొచ్చు. అలాగని చోటు ఒక్కదాన్నే పట్టుకోకూడదు. టాక్సోమెరస్ ఫ్లోరాలిస్ ఆఫ్రికాకు చేరిపోయిందని 2015 ప్రాంతంలో బయటపడింది, దాని లార్వా పేనుబంక కాకుండా పుప్పొడి తింటుంది కూడా.

ఇక పేరుతో పాటు కారణం రాయడం అలవాటు చేసుకోండి. "సిర్ఫస్ రైబిసియై, ఆడ, వెనక తొడ పసుపు" అని రాస్తే చూసేవాళ్ళు ఆ తొడను వెతికి చూసుకుంటారు, కాదనాలన్నా దాన్ని చూపించే కాదంటారు. "సిర్ఫస్, ఆడ, తొడ కనపడలేదు" అని రాసినా అంతే పనికొస్తుంది. పాత ఫోల్డర్లలో పేరు తేలని హోవర్‌ఫ్లై ఫొటోలుంటే కామెంట్లలో పెట్టండి, ఒక ఈగవి నాలుగు ఫొటోలుంటే నాలుగూ పెట్టండి, మసకగా వచ్చినవాటితో సహా.